రెండో పిలుపు

శారదమ్మ ఇంట్లో ఒక చట్టం ఉండేది. బయటినుంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే "ఆఁ" అనాలి. మనిషి కానిది రెండుసార్లే పిలవగలదట, మూడోసారికి దానికి శక్తి చాలదట. ఆవిడ సీతాఫల్‌మండికి కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, పక్కింటి ఇల్లాలు ఒకామె సందెవేళ మొదటి పిలుపుకే తలుపు తీసిందనీ, వాకిట్లో ఎవరూ లేరనీ, మూడు రోజుల జ్వరంతో పోయిందనీ చెప్పేది. నిజమో కాదో చెప్పడానికి అప్పటివాళ్లెవరూ ఇప్పుడు లేరు. చట్టం మాత్రం గట్టిగా అమలైంది. గ్యాస్ బండవాడు రెండు కేకలేసి తిట్టుకుంటూ వెళ్లిపోయిన రోజులున్నాయి. పాలవాడు తెలివైనవాడు, మూడు కేకలూ ఒక్క ఊపిరిలో వేసేవాడు.

కోడలు కల్పలత మొదట్లో ఈ చట్టాన్ని చూసి కొంగు చాటున నవ్వుకుంది. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆమెకీ అదే ఒంటబట్టింది. ఫోన్ మోగినా రెండు రింగులు వదిలేసి మూడోదానికి ఎత్తేది. అందుకే ఆ మంగళవారం పొద్దున వచ్చిన మెసేజీ చదివి, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది.

పంపింది నీహారిక. కార్ఖానా బస్తీలో ఉంటుంది, సీరియళ్లకు డబ్బింగ్ చెప్తుంది, కల్పలత పాడ్‌కాస్ట్ ఒక్కటి కూడా వదలదు. "అక్కా, మీరు 'అన్నం తిన్నరా' అని అడిగి ఆగుతారు కదా, ఆ ఆగినప్పుడు వెనకనుంచి ఎవరో మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. ప్రతిసారీ రెండేసి సార్లు. మీరు పలకనే పలకరు. ఎవరో గానీ, పలకండి పాపం."

కల్పలత దాన్ని నాలుగుసార్లు చదివింది. మధ్యాహ్నం మూడింటికి ఆమె రికార్డు చేసేటప్పుడు ఇంట్లో మాట్లాడగల మనిషి ఇంకొకరు ఉండరు.

ఈ పాడ్‌కాస్ట్ గోల ఎందుకు మొదలైందో చెప్పాలి. కల్పలత జనరల్ బజార్‌లో ఒక చీరల దుకాణంలో పన్నెండేళ్లు పనిచేసింది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా చీరలు విప్పడం, మాట్లాడటం, మళ్లీ మడతపెట్టడం, మళ్లీ మాట్లాడటం. కొనను, ఊరికే చూస్తానని వచ్చిన మనిషి చేత రెండు చీరలు కొనిపించి, పైగా ఆమె ఇంటి సంగతులన్నీ రాబట్టి పంపేది. అలాంటి మనిషి పోయిన జనవరిలో పని మానేసి ఇంట్లో కూర్చోవాల్సివచ్చింది. అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు మొత్తం పడిపోయింది. మాట పోయింది. భర్త రాజేందర్ క్లాక్ టవర్ దగ్గర కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు, పొద్దున పోతే రాత్రే రావడం. ఇక ఇంట్లో మిగిలింది మంచంమీద పడిన అత్తా, నోరు ఊరుకోని కోడలూ.

నాలుగునెలల కిందట కల్పలత ఒక మైకు కొని, చీరల కొట్టు కబుర్లు చెప్పడం షురూ చేసింది. దానికి 'పక్కన కూసోండ్రి' అని పేరు పెట్టింది. ప్రతిసారీ మొదలు ఒక్కటే. "నేను మీ కల్పను. ఎట్లున్నరు? అన్నం తిన్నరా?" అని అడిగేది. నిజంగానే జవాబు వచ్చేటట్టు మూడు సెకన్లు ఆగేది. ఆ తర్వాత "సరే, జెర పక్కన కూసోండ్రి" అని కథలోకి పోయేది. కల్ప అనే పేరు వాళ్లమ్మ పిలిచినది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. రాజేందర్ "ఇగో" అంటాడు. అత్తగారైతే ఇన్నేళ్లలో ఒక్కనాడూ కోడలి పేరు ఎత్తలేదు, ఎప్పుడూ "ఓ పిల్లా". దాని వెంటే ఇంకో మాట, "ఉప్పు లే". పప్పులో లే, కూరలో లే, పెళ్లి భోజనంలో సుత లే. ఇరవై రెండేళ్లు రోజూ రెండు పూటలా కల్పలత ఆ మాట పడింది.

వాళ్లది ఒకటే పొడుగాటి హాలు. మధ్యలో ప్లైవుడ్ అడ్డం కొట్టించి, ముందుభాగం మొగుడూపెళ్లాలు ఉంచుకుని, వెనకభాగం పెద్దావిడకి ఇచ్చారు. ఆ అడ్డంలోనే ఒక అలమర బిగించారు. బట్టల మధ్య మైకు పెడితే గొంతు గోడలకి తగిలి తిరిగి రాదని ఎక్కడో విని, కల్పలత అలమర తలుపులు తీసి, నడిమి అరలో పాత బొంతలు పేర్చి, వాటిలో మైకు లోపలికంటా దోపి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది. పైన ఫ్యాను తిరుగుతుండేది, గంటకి నాలుగు రైళ్లు ఇల్లు కదిలిస్తూ పోయేవి.

మైకు అడుగున హెడ్‌ఫోన్స్ తగిలించే కన్నం ఉంది. మాట్లాడుతూనే మైకుకి ఏం వినబడుతోందో వినమని డబ్బామీద రాసి ఉంది. రాజేందర్ కొనిస్తానన్నాడు కూడా. కల్పలత ఒప్పుకోలేదు.

"చెవులు మూసుకుంటే లోపల అత్తమ్మ పిలిస్తె నాకెట్ల వినబడుతది?" అంది.

మంచి మాటే. పిలుపంటే గొంతుతో కాదు. పెద్దావిడ మంచం పక్కన స్టూలుమీద ఒక స్టీలు పళ్లెం, గరిటె పెట్టారు, ఏదన్నా కావాలంటే కొట్టమని. మొదట్లో ఎడమచేత్తో గట్టిగానే కొట్టేది. తర్వాత మానేసింది. పళ్లెం కొట్టాలన్న తెలివి కూడా పోయిందని అందరూ అనుకున్నారు. డాక్టరు చూసి, ఆర్నెల్లలో రాని మాట ఇక రాదన్నాడు, మనుషుల్ని గుర్తుపట్టడం కూడా అనుమానమేనన్నాడు. బీపీకని ఉప్పు పూర్తిగా ఆపించాడు. అప్పట్నుంచి ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి, లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకోవడం అలవాటైంది.

మరిది నర్సింగ్ మేడ్చల్ అవతల ముసలివాళ్లను చూసుకునే హోమ్ ఒకటి వెతికాడు. ఈ ఆదివారం బండి వస్తుంది, అమ్మను అక్కడ చేర్పించాలి. సోమవారం నుంచి కల్పలత మళ్లీ కొట్టుకి రావచ్చని సేటు కబురు పెట్టాడు. కల్పలత సరేనంది. ఎనిమిది నెలలు ఎత్తి, తుడిచి, తినిపించిన మనిషి ఆ మాట అంటే తప్పుపట్టదలచుకున్నవాళ్లు ముందు ఒక వారం వచ్చి ఎత్తి చూడాలి. అయితే సరేనన్న రోజునుంచి ఆమెకి నిద్ర సరిగ్గా పట్టడంలేదు, అది వేరే సంగతి.

మంగళవారం రాత్రి రాజేందర్ అన్నం తింటుంటే మెసేజీ చూపించి, ఫోన్‌లో ఎపిసోడ్ పెట్టింది. ఇద్దరూ ఫోన్‌మీదికి వంగి విన్నారు. మూడు సెకన్ల ఖాళీలో ఏమీ లేదు. రాజేందర్ రైలు చప్పుడన్నాడు, పనిలేని పిల్ల ఏదో రాసిందన్నాడు, పచ్చడి వెయ్యమన్నాడు.

బుధవారం అత్తగారి దగ్గర పక్కింటి రోసమ్మను కూర్చోబెట్టి కల్పలత కార్ఖానా పోయింది. నీహారిక వాళ్లది భీమవరం వైపు, మర్యాద చేయడం మొదలుపెడితే ఆపరు. కాఫీ, జంతికలు అయ్యాక పెద్ద హెడ్‌ఫోన్స్ తెచ్చి కల్పలత చెవులకి తనే పెట్టింది.

"ఫోన్ స్పీకర్లో ఇది రాదక్కా. చెవి ఉంది చూడండి, అది అలవాటైన చప్పుడు పక్కన పడేస్తుంది. మైక్‌కి ఆ తెలివి లేదు, అన్నీ పట్టేస్తుంది. అందుకే రికార్డు చేసేటప్పుడే పెట్టుకోవాలి" అంది.

ఎపిసోడ్ మొదలైంది. తన గొంతు తన తలకాయలోనే మాట్లాడుతున్నట్టుంది. "ఎట్లున్నరు? అన్నం తిన్నరా?"

టక్‌మని ఒక చప్పుడు. ఆ వెంటే, చెవి దగ్గర నోరు పెట్టినట్టు, "కల్పా".

ఆడగొంతా మగగొంతా తెలియదు. తడిసిన గుడ్డలోంచి వచ్చినట్టుంది. మళ్లీ "కల్పా". ఆపైన తన గొంతే చిలకలా "సరే, జెర పక్కన కూసోండ్రి" అంది.

కల్పలత హెడ్‌ఫోన్స్ తీసేసి గది నలువైపులా చూసింది. అమ్మ, అనుకుంది. ఆ పేరు తెలిసింది అమ్మకే. హెడ్‌ఫోన్స్ మళ్లీ అందుకుంది. అన్నీ వినాలంది. ముప్పై ఒక్క ఎపిసోడ్లు, ఒక్కొక్కదాని మొదలు మాత్రమే, వెనకనుంచి ముందుకి విన్నారు. పోయిన వారంది స్పష్టంగా "కల్పా". నెల కిందటిది "కప్ప". అంతకుముందుది "కప్". జూన్‌లో వట్టి "ప... ప". మే నెలలో మాట లేదు, ఊపిరి మాత్రమే, ఎవరో దగ్గరకొచ్చి మైకులోకి ఊదినట్టు. ప్రతిదాంట్లో ముందు టక్‌మని చప్పుడు, తర్వాత రెండుసార్లు. మూడోది ఎక్కడా లేదు.

కల్పలతకి అమ్మ మీది ఆశ అక్కడితో పోయింది. అమ్మయితే పేరు తెలిసే ఉండాలి కదా. ఇదేదో నాలుగునెలలుగా ఇంట్లో కూర్చుని, తన పేరు నేర్చుకుంటోంది.

నీహారిక మొహంలో కూడా నవ్వు పోయింది. హెడ్‌ఫోన్స్ సంచిలో పెట్టి ఇచ్చి, ఈసారి ఇవి పెట్టుకునే రికార్డు చేయమంది, తోడు రమ్మంటే వస్తానంది. కల్పలత వద్దంది. ఇంట్లో ఏదో ఉందని ఊరంతా తెలియడం ఆమెకిష్టంలేదు. ఊరంతా ఇప్పటికే విన్నదన్న సంగతి బస్సులో కూర్చున్నాకే తట్టింది. ఎక్కడెక్కడివాళ్లో, రోటీలు కాల్చుకుంటూ, మెట్రోలో పోతూ, తన ఇంట్లో తనను ఎవరో పిలుస్తుంటే విన్నారు. వినంది తనొక్కతే.

గురువారం ఆమె అలమర జోలికి పోలేదు. తలుపులు మూసి గొళ్లెం పెట్టింది. గుమ్మానికి కొత్త నిమ్మకాయ కట్టింది. అత్తగారికి జావ పట్టడానికి వెనకభాగంలోకి పోతే, ఆవిడ కళ్లు కోడలిమీద లేవు. గోడవైపే ఉన్నాయి. ప్లైవుడ్‌ని చూస్తూ జావ మింగుతోంది. కల్పలత ఆ చూపు వెంట చూసింది. అక్కడేమీ లేదు. ఎన్నాళ్లనుంచి ఈవిడ అటే చూస్తోందో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది, గుర్తురాలేదు. ఈవిడకి అది కనబడుతోందా? అడిగితే చెప్పే నోరు లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇల్లంతా నిశ్శబ్దమై, మూసిన అలమరలోంచి టక్‌మంది. కాసేపాగి ఇంకోసారి టక్‌మంది. కల్పలత చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తి, రోసమ్మ వాళ్ల అరుగుమీద కూర్చుంది. పావుగంట తర్వాత, పక్షవాతం మనిషిని దానితోపాటు వదిలి వచ్చానని తెలివొచ్చింది. సిగ్గుతో తిరిగి లోపలికి పోయింది.

ఆ రాత్రి ఆమెకో ఆలోచన వచ్చింది, అది ఆమెకే అసహ్యంగా తోచింది. ఆదివారం అత్తగారు పోతుంది. సోమవారం తను కొట్టుకి పోతుంది. అప్పుడు పగలంతా ఇల్లు దానికే వదిలేయొచ్చు. కానీ ఇంకో మాట కూడా వెంటనే వచ్చింది. అది ఏమిటో తెలియకుండా ఆవిణ్ణి పంపిస్తే, ఎందుకు పంపించినట్టు? భయపడా, అలిసిపోయా? ఆ రెండింటిలో ఏదో తేల్చుకోకపోతే తనకి జన్మంతా తక్లీఫే.

శుక్రవారం మూడింటికి అలమర తెరిచింది. హెడ్‌ఫోన్స్ తీగ మైకుకి తగిలించి, చెవులకి పెట్టుకుంది.

ఇన్నాళ్లూ తను కూర్చున్న గది ఇదేనా అనిపించింది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట ముక్కుతోంది. పెరట్లో నల్లా బొట్టుబొట్టుగా కారుతోంది. తన గొంతులో తను మింగిన గుటక వినబడింది. దూరంగా రైలు, ఇంకా రానేలేదు, నేలలోంచి సన్నగా మూలుగుతోంది. లేచి ఫ్యాను ఆపేసి కూర్చుంది. రైలు పోయేదాకా ఆగింది.

"నేను మీ కల్పను" అంది. "ఎట్లున్నరు? అన్నం తిన్నరా?"

టక్.

"కల్పా."

రెండు చెవుల మధ్యన, సరిగ్గా తల లోపల. కల్పలత అర అంచు పట్టుకుంది. పలకొద్దు, అనుకుంది.

"కల్పా."

ఎప్పుడూ ఇక్కడే తను మాట్లాడేది. సరే, జెర పక్కన కూసోండ్రి. ముప్పై ఒక్కసార్లూ మూడో పిలుపు రావలసిన చోట తన మాటే అడ్డంపడింది. ఆ సంగతి ఆ క్షణంలో తట్టి, నోరు గట్టిగా మూసుకుంది. వచ్చేదేదో రానీ అని కూర్చుంది.

మూడోది రాలేదు. దాని బదులు ఊపిరి వినిపించింది. లోపలికి లాగుతోంది, అందడంలేదు, మళ్లీ లాగుతోంది. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి ఊపిరి. ఆ ఊపిరి కింద ఇంకో చప్పుడు, ఇనుము ఇనుముతో రాసుకుని, కిర్రుమని.

ఆ కిర్రు ఆమెకి తెలుసు. రోజూ పొద్దున అత్తగారిని పక్కకి తిప్పినప్పుడు మంచం చేసే చప్పుడది.

కల్పలత అలమరలోకి చూసింది. మైకు. మైకు వెనక బొంతలు. బొంతల వెనక ప్లైవుడ్. ప్లైవుడ్‌కి అవతల ఏముంది? పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన వారమే, గాలి బాగా వస్తుందని మంచం తిప్పి, పక్కవాటుగా ఈ గోడకి ఆనించింది తనే. మైకుకీ ఆ మంచంమీది తలగడకీ మధ్య జానెడు దూరం లేదు.

ఇంట్లో ఎవరూ పలకరించని మనిషికి వారానికి రెండుసార్లు చెవి దగ్గర గోడ మాట్లాడుతోంది. నేను మీ కల్పను అంటోంది. ఎట్లున్నరు, అన్నం తిన్నరా అని అడుగుతోంది. అడిగి, జవాబు కోసం ఆగుతోంది కూడా.

కల్పలత మూడో పిలుపు కోసం ఆగలేదు.

"అత్తమ్మా" అంది మైకులోకి. "తిన్నరా?"

చాలాసేపు ఊపిరి మాత్రమే. తర్వాత ఒక్కో అక్షరం తోసుకుంటూ వచ్చింది.

"ఉప్పు... లే."

హెడ్‌ఫోన్స్ తీగతోపాటు మైకు కిందపడింది. కల్పలత అవతలకి పరిగెత్తింది. శారదమ్మ మొహం గోడవైపే ఉంది, ఎడమచెయ్యి ప్లైవుడ్‌మీద ఉంది. ఆ చేతి వెండి కడియం తగిలినచోట చెక్కమీద నాణెమంత గుంట పడింది. అప్పుడు కల్పలతకి స్టూలు కనబడింది. మంచం తిప్పినప్పుడు ఎడమవైపు గోడ వచ్చింది, స్టూలూ పళ్లెమూ గరిటే కుడివైపు వచ్చాయి. కదలని చెయ్యి వైపు. ఆవిడ పళ్లెం కొట్టడం మానలేదు. ఉన్న చెయ్యి అందేచోట కొడుతూనే ఉంది.

కల్పలత మంచం పట్టెమీద కూలబడి ఏడ్చింది. ఆ చేతిని తీసి తన తలకేసి కొట్టుకుంది. శారదమ్మ ఆమెను చూసింది. పేరు తెలిసిన మనిషిని చూసినట్టే చూసింది.

రాత్రి రాజేందర్ వచ్చాక, చొక్కా కూడా విప్పనియ్యకుండా హెడ్‌ఫోన్స్ పెట్టి ఆ ముక్క వినిపించింది. అతను ఒక్కసారే విన్నాడు. బయటికి పోయి నర్సింగ్‌కి ఫోన్ చేసి, ఆదివారం బండి వద్దన్నాడు. నర్సింగ్ చాలాసేపు వాదించినట్టున్నాడు. రాజేందర్ మాత్రం ఒకటే మాట తిప్పితిప్పి అన్నాడు. "అమ్మ లోపల్నే ఉందిరా." కొట్టు సేటు ఇంకెవరినో పెట్టుకున్నాడు. దానికి కల్పలత బాధపడింది, పడలేదంటే అబద్ధం.

ఆదివారం పొద్దున, బండి రావలసిన వేళకి, రాజేందర్ అలమర ముందు స్టూలుమీద కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఎపిసోడ్‌నుంచి మొదలుపెట్టాడు. మే నెల ఊపిరి. జూన్‌లో ప, ప. తల్లి మాట నేర్చుకోవడం వరసగా వింటున్నాడు. ప్రతి పిలుపుకీ "ఆఁ, అమ్మా" అంటున్నాడు. అది వెనకటి పిలుపనీ, పిలిచింది తనను కాదనీ తెలుసు. అయినా ఊరుకోలేకపోతున్నాడు. చెవులు మూసుకున్నవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, ఇల్లంతా వినబడేటట్టు అంటున్నాడు. "ఆఁ, అమ్మా. ఆఁ, అమ్మా."

కల్పలత పప్పు తాలింపు వేస్తోంది. ప్లైవుడ్ అవతలనుంచి టక్‌మంది.

"ఏం... దిరా."

రాజేందర్‌కి వినబడలేదు. ఆగస్టు నెల పిలుపుకి పలుకుతున్నాడు.

కల్పలత గరిటె పొయ్యిమీదే వదిలేసి, ఒక్క అంగలో వచ్చి, మొగుడి చెవులమీది హెడ్‌ఫోన్స్ లాగేసింది. అతను ఉలిక్కిపడి చూశాడు. ఆమె గోడవైపు వేలు చూపించింది.

"ఏందిరా" అంది శారదమ్మ రెండోసారి.